యుద్ధ కథల్లో మన వాళ్ళెక్కడ?

మన కడప జిల్లా పేరు చెప్పగానే బయటి ఊళ్ళవాళ్ళు రెండో మాటగా అడిగేది ఒకటే: "మీ దగ్గర బాంబులు వేసుకుంటారంట కదా?" ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళు వాళ్ళకు గుర్తు రావు. జమ్మలమడుగు దగ్గర పెన్నా నది కొండను కోసుకుంటూ పారిన గండి గుర్తు రాదు. పులివెందుల చీనీ తోటలు, అరటి తోటలు గుర్తు రావు. సుమోలు, వేటకొడవళ్ళు మాత్రం గుర్తొస్తాయి. ఇదంతా సినిమావాళ్ళ పుణ్యం. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర' వచ్చాయి. ఆ సినిమాలు ఆడినన్నాళ్ళూ ఆడి వెళ్ళిపోయాయి. వాటి నీడ మాత్రం మన మీదే ఉండిపోయింది. అప్పటికి పుట్టని పిల్లలు కూడా ఇప్పుడు సెల్‌ఫోన్లో అవే తొడగొట్టే దృశ్యాలు చూస్తున్నారు.

సినిమా మమ్మల్ని చెడగొట్టిందని తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మాకూ యుద్ధ కథలంటే ఇష్టమే. ఎత్తుకు పై ఎత్తు వేసే కథ వింటే రాత్రి నిద్ర పట్టదు. మా ప్రశ్న వేరే. ఆ కథల్లో మా వంటి ఇళ్ళ పిల్లలు ఎక్కడున్నారు? హీరో పెద్ద ఇంటి బిడ్డ. విలన్ ఇంకో పెద్ద ఇంటి బిడ్డ. మధ్యలో సుమో వెనక సీట్లో కూర్చుని వచ్చేవాడు, దూకేవాడు, మొదటి దెబ్బకే పడిపోయేవాడు ఒకడుంటాడు. అతనికి చాలా సినిమాల్లో పేరు కూడా ఉండదు. నాయకుడు పోతే ఊరి మధ్యలో విగ్రహం లేస్తుంది. వెంట పోయినవాడు పోతే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో మా అభిప్రాయం ఒకటి చెప్పదలచుకున్నాం. యుద్ధ కథలు మానేయమని మేము అనడం లేదు. వాటిని మళ్ళీ రాయాలి అంటున్నాం. వెనక నిలబడ్డవాణ్ణి ముందుకు తెచ్చి రాయాలి. మన వయసు పిల్లలు చదివేటట్టు, కాస్త మాయ, కాస్త మంత్రం, బోలెడంత ఉపాయం కలిపి రాయాలి. ఇది ప్రపంచంలో ఎవరూ చేయని పనేమీ కాదు. చైనా కథను అట్లా తిరిగి రాసినవాళ్ళున్నారు. మన జిల్లా మనిషే ఒకాయన మన భారతంతో ఆ పని చేసి చూపించారు కూడా.

ఖాళీ కోట, చీపుళ్ళు పట్టిన సైనికులు

ముందుగా చైనా సంగతి చూద్దాం. చైనాలో హాన్ వంశం క్రీ.శ. 220లో అంతమైంది. ఆ తర్వాత దేశం వెయ్, షు, వూ అని మూడు రాజ్యాలయింది. 280లో జిన్ వంశం వాళ్ళు మళ్ళీ ఒకటి చేశారు. ఈ అరవై ఏళ్ళ గొడవను చెన్ షౌ అనే ఆయన మూడో శతాబ్దంలోనే చరిత్రగా రాశాడు. ఆ తర్వాత సుమారు వెయ్యేళ్ళకు, పద్నాలుగో శతాబ్దంలో, లువో గ్వాన్‌జోంగ్ రాశాడని చెప్పే పెద్ద నవల వచ్చింది. దాని పేరు 'మూడు రాజ్యాలు'. మనకు భారతం ఎట్లాగో యుద్ధ తంత్రానికి చైనావాళ్ళకు ఆ నవల అట్లా. ఇప్పుడు దొరికే ప్రతిలో 120 అధ్యాయాలున్నాయి.

ఆ నవలలో పిల్లలకు బాగా నచ్చేవాడు రాజు కాదు, రాజుకు సలహా చెప్పే జుగే లియాంగ్. చిన్నప్పుడే తండ్రి పోతే పినతండ్రి పెంచాడు. సేద్యం చేసుకుంటూ చదువుకున్నాడు. అతణ్ణి వెతుక్కుంటూ మూడుసార్లు గుడిసెకు వచ్చిన లియు బెయ్ కూడా ఒకప్పుడు చెప్పులు, చాపలు అల్లి అమ్ముకుని బతికినవాడే.

జుగే లియాంగ్ ఎత్తులు రెండు చెబుతాం. మొదటిది బాణాల సంగతి. పది రోజుల్లో లక్ష బాణాలు తయారు చేయమని అతన్ని ఇరకాటంలో పెట్టారు. మూడు రోజులు చాలన్నాడు. ఇరవై పడవలకు గడ్డిమోపులు కట్టించి, దట్టంగా మంచు పట్టిన తెల్లవారుజామున శత్రువు శిబిరం ముందుకు తీసుకుపోయి తప్పెట్లు కొట్టించాడు. దాడి వచ్చిందనుకుని అవతలివాళ్ళు బాణాలు కురిపించారు. గడ్డిలో గుచ్చుకున్న బాణాలతో పడవలు వెనక్కి వచ్చేశాయి. ఒక్క ప్రాణం పోలేదు.

రెండోది ఖాళీ కోట. పెద్ద సైన్యం మీదికి వస్తోంది. కోటలో రెండున్నర వేల మంది కూడా సరిగా లేరు. జుగే లియాంగ్ కోట తలుపులన్నీ బార్లా తెరిపించాడు. ఒక్కో గుమ్మం దగ్గర ఇరవై మంది సైనికులకు మామూలు జనం వేషం వేయించి, చీపుళ్ళిచ్చి వీధి ఊడవమన్నాడు. తాను బురుజు ఎక్కి, ఇద్దరు చిన్న పిల్లలను పక్కన నిలబెట్టుకుని, తాపీగా వీణ వంటి వాయిద్యం మీటుతూ కూర్చున్నాడు. శత్రు సేనాపతి చూశాడు. లోపల ఏదో మోసం ఉందనుకుని సైన్యాన్ని వెనక్కి తిప్పుకుని పోయాడు.

ఈ కథ చెప్పేవాళ్ళందరూ వాయించినవాడి తెలివిని మెచ్చుకుంటారు. మేము ఆ ఊడ్చినవాళ్ళను తలచుకుంటున్నాం. కత్తి లేదు, డాలు లేదు, చేతిలో చీపురు మాత్రమే ఉంది. ఎదురుగా వేల గుర్రాలు. వాళ్ళలో ఒక్కడి చెయ్యి వణికినా, ఒక్కడు తల తిప్పి పరుగెత్తినా ఆ ఎత్తు చిత్తయ్యేది. పక్కన నిలబడ్డ ఆ ఇద్దరు పిల్లల సంగతీ అంతే. వాళ్ళ పేర్లేమిటి? వాళ్ళ అమ్మానాన్నలు ఎవరు? ఆ రాత్రి వాళ్ళు ఏమనుకున్నారు? నవల చెప్పదు. చీపురు పట్టిన చేతులున్న ఇళ్ళ నుంచి వచ్చిన మాకు ఆ ప్రశ్నలు రాకుండా ఎట్లా ఉంటాయి?

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఈ రెండు ఎత్తులూ జుగే లియాంగ్ నిజంగా వేసినవని చరిత్రకారులు ఒప్పుకోరు. బాణాలు పడవకు గుచ్చుకున్న ఉదంతం 213లో సున్ చ్వాన్ అనే వేరే రాజుకు జరిగినట్టు పాత రాతల్లో ఉంది. అంటే ఆ గొప్ప నవలే చరిత్రను కథకు అనువుగా మార్చుకుంది. తనకు కావలసిన మనిషిని ముందుకు తెచ్చుకుంది. పాత కథను మార్చి చెప్పడం ఈ కాలపు పిల్లలు చేసే ఆకతాయి పని కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

అనాథ పిల్ల సలహాదారు అయితే

అమెరికాలో ఉండే చైనా సంతతి రచయిత్రి జోన్ హె 2022లో 'స్ట్రైక్ ది జిథర్' అనే నవల తెచ్చారు. దాని తరువాయి భాగం 'సౌండ్ ది గాంగ్' 2024లో వచ్చింది. రెండూ మన వయసు వాళ్ళ కోసం రాసినవి. ఇందులో 'మూడు రాజ్యాలు' కథనే తిరగేశారు. ఆ మూడు పక్షాల నాయకులూ ఆడవాళ్ళే. జుగే లియాంగ్ స్థానంలో జెఫిర్ అనే అనాథ అమ్మాయి ఉంది. ఆమెకు బలం లేదు, బలగం లేదు, తన బుర్ర ఒక్కటే ఆస్తి. దేవతలు, మాయలు కూడా కథలోకి వస్తాయి. పుస్తకం పేరులోని జిథర్ అంటే తీగల వాయిద్యం. ఆ పేరు వినగానే ఖాళీ కోట బురుజు మీద మోగిన వాయిద్యం గుర్తొస్తుంది.

నాయకులను ఆడవాళ్ళను చేసినంత మాత్రాన కథ పేదవాళ్ళదైపోదు. రాణి అయినా రాజు అయినా కిందివాడికి దెబ్బ ఒకటే. అయినా ఆ రచయిత్రి చేసిన ఒక పని మాకు విలువైనదిగా కనిపిస్తోంది. ఎవరూ లేని ఆడపిల్లను తెచ్చి, ఆమె నోటనే కథ చెప్పించారు. చదివే అనాథ పిల్లలో, హాస్టల్ పిల్లలో "ఆ బురుజు మీద నేనూ కూర్చోగలను" అనుకునే అవకాశం కల్పించారు. వందల ఏళ్ళుగా చెబుతున్న కథలో ఇన్నాళ్ళూ ఆ చోటు లేదు. ఒక్క మనిషిని మార్చడంతో వచ్చింది.

మన ఘటోత్కచుడు

ఇదంతా విదేశాల సంగతి, మనకెందుకు అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు 'మాయాబజార్' గుర్తు చేస్తాం. 1957లో విజయా సంస్థ తీసిన ఆ సినిమా నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి గారు మన కడప జిల్లా బిడ్డ. ఆయన అన్న, దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారు పుట్టింది పులివెందుల తాలూకాలోని కొత్తపల్లిలో. 'మాయాబజార్' దర్శకుడు కె.వి. రెడ్డి గారిది పక్కనున్న తాడిపత్రి. అంటే మన సీమ మనుషులే పూనుకుని భారత కథను తిరగేసి చెప్పారు.

ఎట్లా తిరగేశారో చూడండి. వ్యాసుడి భారతంలో శశిరేఖ పెళ్ళి కథ లేదు. ఘటోత్కచుడు మాత్రం ఉన్నాడు. అతనికి అక్కడ దక్కిన గౌరవం ఏమిటి? అడవి తల్లి హిడింబి కొడుకు. రాజ్యంలో వాటా లేదు. యుద్ధం వచ్చినప్పుడు మాత్రం కబురు వచ్చింది. కర్ణుడి దగ్గర ఒక్కసారే పనిచేసే శక్తి ఆయుధం ఉంది. దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. ఆ రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి ధాటికి తట్టుకోలేక అతని మీదనే ప్రయోగించాడు. ఘటోత్కచుడు పోయాడు, అర్జునుడు బతికాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడని భారతమే చెబుతుంది. అది మంచి ఎత్తే కావచ్చు. ఆ ఎత్తులో ఖర్చయింది మాత్రం అడవి బిడ్డ.

'మాయాబజార్'లో అదే ఘటోత్కచుడు కథకు నాయకుడయ్యాడు. ఎస్.వి. రంగారావు గారు ఆ వేషం కట్టి జనం గుండెల్లో నిలిచారు. అతని చిన్నమయ్య, లంబు, జంబు కలిసి రాత్రికి రాత్రి మాయానగరం కట్టారు. కౌరవుల పెళ్ళివారిని ఆటపట్టించి, శశిరేఖను అభిమన్యుడికి ఇచ్చి పెళ్ళి చేశారు. ఆ గొడవంతా నవ్వులతో తీరింది గానీ నెత్తురు కారలేదు. యుద్ధంలో వాడుకుని వదిలేసిన మనిషిని ఈ కథ ముందు వరుసలో నిలబెట్టింది. చైనా యుద్ధ శాస్త్రకారుడు సున్‌జు తన పదమూడు అధ్యాయాల గ్రంథంలో పోరాడకుండా గెలవడమే అన్నిటికన్నా గొప్ప గెలుపని చెప్పాడు. ఆ మాట అర్థం కావాలంటే మన పిల్లలకు 'మాయాబజార్' చూపిస్తే చాలు.

నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు కలిసి 1947 జూలైలో 'చందమామ' కూడా మొదలుపెట్టారు. దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన 'తోకచుక్క', 'మకరదేవత' వంటి ధారావాహికలు, వాటికి చిత్రా గారు వేసిన బొమ్మలు మన అమ్మానాన్నల తరాన్ని నెల నెలా ఎదురుచూసేటట్టు చేశాయి. ఇప్పుడు ఆ పత్రిక రావడం లేదు. ఆ ఖాళీలోకి సెల్‌ఫోన్లో కాల్చి చంపే ఆటలు వచ్చాయి. ఆ ఆటల్లో ఎదుటివాడు ఎవరు, ఎందుకు వచ్చాడు అనే ప్రశ్న ఉండదు. కథలో ఉంటుంది. తేడా అక్కడే ఉంది.

నాగమ్మ, కన్నమదాసు

ఇప్పుడు మన నేల మీద జరిగిన యుద్ధాల దగ్గరికి వద్దాం. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం అందరికీ తెలిసిందే. శ్రీనాథుడి పేరున ఉన్న 'పల్నాటి వీరచరిత్ర' ద్విపదలో ఉంది. కోడిపందెంలో ఓడి అడవులకు పోవడం, గడువు తీరినా రాజ్యం ఇవ్వకపోవడం, కారంపూడి దగ్గర అన్నదమ్ములు తెగటారడం, అచ్చం భారతం లాగే నడుస్తుంది. కారంపూడిలో ఇప్పటికీ ఏటేటా వీరుల ఉత్సవం చేస్తారు.

ఆ కథలో మాకు ఇద్దరు కనిపిస్తున్నారు. ఒకరు నాయకురాలు నాగమ్మ. ఆడవాళ్ళకు సభలో చోటే లేని కాలంలో నలగామరాజుకు మంత్రిగా ఉండి రాజ్యం నడిపింది. కథ చెప్పినవాళ్ళలో చాలామంది అవతలి పక్షం వాళ్ళు కాబట్టి ఆమె కుట్రలు పన్నే ఆడదానిగానే మిగిలింది. అదే తెలివి బ్రహ్మనాయుడు చూపిస్తే రాజనీతి, ఆమె చూపిస్తే కుట్ర! 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం' సినిమాలో కన్నాంబ గారు, 1966లో వచ్చినదానిలో భానుమతి గారు ఆ పాత్ర వేశారు. అంత పెద్ద నటీమణులు కావలసి వచ్చారంటేనే ఆమె ఎంత బలమైన మనిషో తెలుస్తోంది. ఆమె నోట కథ చెప్పిస్తే ఎట్లా ఉంటుంది? జోన్ హె చేసిన పని మనకు ఇక్కడే సిద్ధంగా ఉంది.

రెండోవాడు మాల కన్నమదాసు. బ్రహ్మనాయుడు కులాలు చూడకుండా అందరినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని, కన్నమదాసును కొడుకులా పెంచి సేనాపతిని చేశాడని కథ. మన పాఠ్య పుస్తకాల్లో చాపకూడు గురించి రెండు మాటలుంటే బ్రహ్మనాయుడి గొప్పతనంగా ఉంటాయి. కన్నమదాసు గొప్పతనం గురించి ఎవరు చెబుతారు? ఆ పంక్తిలో మొదటిసారి కూర్చున్న రోజు అతనికి ఏమనిపించింది? అతని మాట వినడానికి పై కులాల సైనికులు ఎంతమంది సణిగారు? వాళ్ళను అతను ఎట్లా దారికి తెచ్చుకున్నాడు? యుద్ధంలో శత్రువును గెలవడం ఒక ఎత్తు, సొంత సైన్యాన్ని గెలవడం ఇంకో ఎత్తు. రెండో ఎత్తు గురించి రాస్తే అది మా పుస్తకం అవుతుంది.

గండికోట గోడల కింద

మరి మన సొంత కోట సంగతేమిటి? జమ్మలమడుగు నుంచి కాస్త దూరం పోతే ఎర్రమల కొండల మీద గండికోట ఉంది. సెలవుల్లో ఎంతోమంది వచ్చి గండి అంచున నిలబడి ఫోటోలు దిగి వెళ్ళిపోతున్నారు. కోటలో మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జామా మసీదు, ధాన్యాగారం, కత్తుల కోనేరు ఉన్నాయి. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను 1650లో గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా పట్టుకున్నాడు. లోపలివాడి ద్రోహం వల్లనే కోట పడిందని మన వైపు చెప్పుకుంటారు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో గండికోటకు వచ్చాడు. ఆయన రాసినది వేరు. కొండ మీదికి ఫిరంగులు ఎక్కించడం వల్ల పని జరిగిందని, ఐరోపా గోలందాజులకు అదనపు జీతం ఆశ చూపి ఆ పని చేయించారని రాశాడు.

ద్రోహమా, ఫిరంగులా అన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. మేము అడిగేది ఇంకొకటి. ఆ ఫిరంగులను కొండ ఎక్కించింది ఎవరు? జీతం పెరిగింది గోలందాజుకు. మోకులు భుజానికి కట్టుకుని లాగినవాళ్ళ మాటేమిటి? కోటలోని వేల మందికి నీళ్ళు మోసినవాళ్ళెవరు? కోట గోడకు రాళ్ళు కొట్టింది ఎవరు? గుర్రానికి జీను కావాలన్నా, నీళ్ళు తోడడానికి బాన కావాలన్నా, యుద్ధం వచ్చిందని ఊళ్ళకు చాటడానికి తప్పెట కావాలన్నా తోలు కావాలి. తోలు పని చేసేవాళ్ళు లేకుండా ఏ కోటా ఒక్క రోజు నిలబడదు. రాజుల వంశవృక్షాలు మనకు అప్పజెప్పడం వచ్చు. ఈ చేతుల లెక్క మాత్రం ఎవరూ రాయలేదు.

చరిత్రలో రాయని చోటనే కాల్పనిక కథకు పని ఉంటుంది. ఉదాహరణకు ఒకటి అనుకుందాం. కోటలో తప్పెట కొట్టేవాడి కూతురు ఒకతి ఉంది. గండిలో శబ్దం ఎట్లా తిరుగుతుందో, ఏ బండ దగ్గర కొడితే ఏ బండ నుంచి వినిపిస్తుందో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒక్క తప్పెటతో వంద తప్పెట్లు మోగినట్టు భ్రమ పుట్టించగలదు. పెన్నమ్మ ఆమెతో మాట్లాడుతుంది. శత్రువు వచ్చిన రాత్రి నాయకుల సభలో ఆమె మాట ఎవరూ వినరు. అప్పుడు ఆమె ఏం చేస్తుంది? చైనాలో బురుజు మీద వీణ మోగితే మన గండిలో తప్పెట మోగకూడదా? ఇది మా ఊహ మాత్రమే. మీరు ఇంతకన్నా బాగా ఊహించగలరు.

మూడు అభ్యంతరాలు

ఈ మాట మా గదుల్లో చర్చకు వచ్చినప్పుడు మూడు అభ్యంతరాలు వచ్చాయి. వాటికి జవాబు చెప్పకపోతే న్యాయం కాదు.

మొదటిది: "పదో తరగతి, ఇంటర్, ఆ తర్వాత పోటీ పరీక్షలు. కథలు చదువుతూ కూర్చుంటే ఉద్యోగం ఎవరిస్తారు?" మంచి ప్రశ్నే. మన అమ్మానాన్నలు కూలికి పోయి మనల్ని ఇక్కడ వదిలింది చదువు కోసమే. కానీ మూడు వందల పేజీల కథను ఆపకుండా చదివినవాడికి మూడు పేజీల పాఠం బరువు కాదు. ఎదుటివాడు తర్వాత ఏం చేస్తాడో ఊహించడం, మన దగ్గర ఉన్న కొంచెంతో ఎక్కువ సాధించడం, కోపం వచ్చినప్పుడు ఆగి ఆలోచించడం, ఇవన్నీ కథలో అలవాటైనంత సులువుగా గైడులో అలవాటు కావు.

రెండోది: "చరిత్రను మార్చి చెబితే తప్పు కదా? రేపు అదే నిజమనుకుంటారు." ఇది గట్టి మాట. అందుకు మా జవాబు ఏమంటే, కథను కథగానే చెప్పాలి. పుస్తకం చివర ఇది జరిగింది, ఇది మేము కల్పించింది అని ఒక పేజీ రాయాలి. కన్నమదాసు కులాన్ని దాచకూడదు, నాగమ్మ తప్పులను కడిగేయకూడదు. పొగడ్త కోసం తిరగరాస్తే అది కూడా ఇంకో రకం అబద్ధమే. మన కులం వాణ్ణి దేవుణ్ణి చేయడం కోసం ఇంకో కులం వాణ్ణి రాక్షసుణ్ణి చేస్తే, పాత కథకు మన కథకు తేడా ఏముంటుంది?

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది: "అసలే మనది కక్షల సీమ అని పేరు. మళ్ళీ యుద్ధ కథలా?" మేము దీని గురించి చాలా ఆలోచించాం. మంచి యుద్ధ కథలు ఎట్లా ముగుస్తాయో చూడండి. 'మూడు రాజ్యాలు'లో మూడింటిలో ఏ ఒక్కటీ గెలవదు. చివరికి జిన్ వంశం వచ్చి అన్నిటినీ మింగేస్తుంది. అన్ని ఎత్తులు వేసిన జుగే లియాంగ్ 234లో, అనుకున్నది నెరవేరకుండానే యుద్ధ శిబిరంలో చనిపోయాడు. పల్నాడులో గెలిచినవాళ్ళకు మిగిలింది శవాల మధ్య రాజ్యం. భారతం కథ మనకు తెలిసిందే. పెద్ద కథలన్నీ యుద్ధం ఎంత నష్టమో చివరిదాకా చూపిస్తాయి. మధ్యలో తొడ కొట్టిన చోట ఆపేసి చప్పట్లు కొట్టించేది చెడ్డ కథ. మన పిల్లలకు చివరిదాకా చెప్పే కథలు అందకపోతే, మధ్యలో ఆగిన కథలే అందుతాయి. ఏదో ఒక కథ మాత్రం తప్పకుండా అందుతుంది.

ఇది పుస్తకాల ముచ్చట మాత్రమే కాదు. మన ఊళ్ళలో ఇప్పటికీ ఎవరో ఒకరు మన తమ్ముళ్ళ భుజం మీద చెయ్యి వేసి "మా వెంట రారా, నీకేం తక్కువ చేస్తాం" అంటారు. ఆ మాట విన్నప్పుడు వాడి మనసులో ఏ కథ మెదులుతుందో దాన్ని బట్టే వాడి జవాబు ఉంటుంది. సుమో హీరో కథ మెదిలితే ఎక్కి కూర్చుంటాడు. ఘటోత్కచుడు ఎట్లా ఖర్చయ్యాడో తెలిసినవాడు "ఈ ఎత్తులో ఖర్చయ్యేది ఎవరన్నా?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న అడగగలిగిన పిల్లవాడు ఇంట్లో ఉంటే ఆ ఇంటి పొయ్యి ఆరదు.

మనం చేయగలిగింది

పెద్ద పెద్ద కోరికలు కోరడం లేదు. చేతనైనవి చెబుతున్నాం.

మొదట, వచ్చే సెలవుల్లో ఊరికి పోయిన ప్రతి విద్యార్థీ తన ఊరి అవ్వాతాతల దగ్గర కూర్చుని ఒక్క పాత కథ రాసుకు రావాలి. మన రేనాటి సీమలో ఎన్నో ఊళ్ళలో వీరగల్లులు ఉన్నాయి. ఊరి ఆవుల మందను కాపాడుతూ పడిపోయినవాడి కోసం కూడా రాయి నిలబెట్టిన నేల ఇది. ప్రొద్దుటూరుకు దగ్గరలోని కలమళ్ళలో ఆరో శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది. తెలుగును రాతి మీదికి ఎక్కించిన నేలలో పుట్టి, మన కథను కాగితం మీదికి ఎక్కించలేమా?

రెండు, కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో పాత గ్రంథాలెన్నో ఉన్నాయి. మన ఊళ్ళ కైఫీయత్తులు కూడా అచ్చు వేశారు. విహారయాత్ర అంటే పార్కులకే ఎందుకు? ఒక ఏడాది అక్కడికి, గండికోటకు కలిపి తీసుకుపోవలసిందిగా మా వార్డెన్ సార్లను, మేడమ్‌లను కోరుతున్నాం.

మూడు, హాస్టల్ బీరువాలో గైడుల పక్కన ఒక్క అర కథల పుస్తకాలకు ఇవ్వాలి. తాళం వేయకుండా ఇవ్వాలి. పుస్తకం నలిగితే నలగనివ్వండి. నలిగిందంటే ఎవరో చదివినట్టే.

నాలుగు, ఈ ఏడాది నుంచి మా గోడపత్రికలో గండికోట కథను ధారావాహికగా రాద్దామనుకుంటున్నాం. నెలకొక అధ్యాయం, ఒక్కో అధ్యాయం ఒక్కో గదివాళ్ళు. ఆడపిల్లల హాస్టల్ నుంచి అక్కాచెల్లెళ్ళు కూడా రాసి పంపాలి. నాగమ్మ మాట వాళ్ళు రాస్తేనే బాగుంటుంది.

ఐదు, మన ప్రాంత రచయితలకు ఒక విన్నపం. పుట్టపర్తి నారాయణాచార్యుల వారు 'శివతాండవం' రాసిన ప్రొద్దుటూరు ఇది. కథలు, కవితలు రాసేవాళ్ళకు ఈ గడ్డ మీద కొదవ లేదు. సీమ కరువు గురించి, సీమ కన్నీళ్ళ గురించి మీరు ఎంతో రాశారు, దానికి మేము రుణపడి ఉన్నాం. ఇప్పుడు పదమూడేళ్ళ పిల్ల దుప్పటి కింద టార్చి వేసుకుని చదివే ఒక సాహస కథ రాసి పెట్టండి. అందులో కోట ఉండాలి, మాయ ఉండాలి, ఎత్తులు ఉండాలి. ఎత్తు వేసేది మాత్రం మా ఇంటి పిల్ల కావాలి.

మిత్రులారా! ఖాళీ కోట గుమ్మం దగ్గర చీపురు పట్టి నిలబడినవాళ్ళకు ధైర్యం తక్కువేమీ లేదు. వాళ్ళ కథ రాసేవాళ్ళు లేరు, అంతే. చదువు వచ్చిన మొదటి తరం మనది. వాళ్ళ తరఫున కలం పట్టవలసిన బాధ్యత మనకంటే ఎవరికి ఎక్కువ ఉంది? మొదటి అధ్యాయానికి కాగితాలు మా గదిలో సిద్ధంగా ఉన్నాయి. రాయదలచినవాళ్ళు వచ్చి తీసుకుపోండి.